అప్పన్న అడగని జుట్టు

విశాఖపట్నం,
మంగళవారం.

బావకు, నీ బిందు రాసేది.

ఇక్కడ నేను, అత్త, పాప ముగ్గురం బాగున్నాం. ఉత్తరం అన్నాక అందరూ రాసే మాటే ఇది. నేను మాత్రం ఆనవాయితీకి రాయలేదు, ఒట్టు పెట్టుకుని రాస్తున్నాను. జ్యోతికి జబ్బు తిరగబెట్టలేదు. ఈ ముక్క చదివి, కాసిని మంచినీళ్ళు తాగి, ఆ తర్వాతే మిగతాది చదువు. నీ ఆరోగ్యం ఎలా ఉందో నువ్వు ఒక్క ముక్కా రాయలేదు. వెల్డింగ్ చేసేటప్పుడు కళ్ళకి అద్దం పెట్టుకుంటున్నావా అని ఎప్పుడు అడిగినా 'ఆఁ, ఆఁ' అంటావు. ఆ 'ఆఁ, ఆఁ' సంగతి నాకు తెలియదనుకోకు.

గురునాథరావు మామ జామ్‌నగర్ నుంచి దిగిన రోజే నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. ఫోన్లున్న రోజుల్లో మొగుడూ పెళ్ళాలకి ఈ ఉత్తరాలేమిటని ఒకటే నవ్వాడు. ఆయనకేం తెలుసు? నేను ఫోనెత్తగానే నీ కూతురు నా భుజం మీద గెడ్డం ఆన్చి కూర్చుంటుంది. నువ్వూ అందుకే కాగితం పట్టావని నాకు అర్థమైంది. ఇంట్లోనైతే అది ఇప్పుడు అక్షరాలన్నీ కూడబలుక్కుని చదివేస్తోంది. అందుకని పని చేసే చోట, వంటగదిలో పిండి డబ్బా మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. మామ శుక్రవారం రైలుకి తిరిగి వస్తున్నాడు, ఆయన చేతికే ఇస్తాను. పసుపు మరకలుంటే ఏమీ అనుకోకు, సాంబారు పొయ్యి మీద ఉంది.

ఈ పని గురించి అడిగావు కదా. నువ్వు వెళ్ళాకే చేరాను. జ్యోతికి రక్తపు కేన్సరని తేలినప్పుడు మనకి అన్నం పెట్టి, ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద రాని ఇంజక్షన్లు కొనిచ్చిన ట్రస్టే ఇది. పిల్లల ఆసుపత్రి వెనక సందులో ఉన్న వాళ్ళ వసతి ఇల్లు నీకు గుర్తుండే ఉంటుంది. పార్వతీపురం నుంచి, పాడేరు నుంచి పిల్లల్ని తెచ్చుకున్న తల్లులంతా ఇక్కడే ఉంటారు. వాళ్ళకి వండి పెట్టడం నా పని. ఒకప్పుడు నేను ఏ గిన్నెలో అన్నం పెట్టించుకుని ఏడుస్తూ తిన్నానో ఇప్పుడు ఆ గిన్నెనే తోముతున్నాను. కూర్మన్నపాలెం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేస్తాను. బడి వ్యాను జ్యోతిని సాయంత్రం ఇక్కడే దింపుతుంది, ఇద్దరం కలిసి ఇంటికి పోతాం.

అత్త మోకాళ్ళ గురించి అడిగావు. మోకాళ్ళు నొప్పులే కానీ నోటికి ఏ నొప్పీ లేదు. నేను చేసిన పులుసు బాగోలేదని వీధిలో అందరికీ చెప్పి, మళ్ళీ రెండోసారి వడ్డించుకుంటోంది. నువ్వు పంపిన దుప్పటి కప్పుకోకుండా పెట్టెలో దాచింది. ఎందుకత్తా అంటే, "ఆడొచ్చినాక కప్పుకుంతాను, ఇప్పుడు మాసిపోద్ది" అంది.

ఇక నీ అసలు ప్రశ్న. నీ పక్క మంచం అతను ఫోన్లో చూపించిన వీడియోలో జ్యోతి నున్నటి గుండుతో ఉందని రాశావు. దాని ముందు పన్ను ఊడి ఉందని, నువ్వు బయల్దేరేటప్పుడు ఆ పన్ను ఉందని, కాబట్టి అది పాత వీడియో కాదని రాశావు. సింహాచలంలో తీయించిన జుట్టు ఈపాటికి చెవులు దాటాలి కదా, మరి నీతో వీడియో కాల్‌లో మాట్లాడేటప్పుడు దాని తలకి ఎప్పుడూ ఆ గుడ్డ ఎందుకు కడుతున్నావని అడిగావు. 'నిజం చెప్పు బిందూ, మళ్ళీ వచ్చిందా' అన్న చోట నీ పెన్ను కాగితాన్ని చింపేసింది. ఆ చిరుగు మీద వేలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పేలు పడ్డాయి, వేపాకు రాసి గుడ్డ కట్టానని నీకు ఫోన్లో చెప్పింది అబద్ధం. అప్పటికి దాని తలలో పేలు పడేంత జుట్టే లేదు.

మొదటినుంచీ చెబుతాను, తిట్టదలిస్తే చివర్న తిట్టు.

మందుల వల్ల రాలిన జుట్టు మళ్ళీ వస్తే, ఆ మొదటి జుట్టు నీదేనని అత్త సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. వైద్యం అయిపోయి, జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా భుజాల దాకా వచ్చాక, చందనయాత్ర వెళ్ళిన మరుసటి వారం అందరం కొండెక్కాం. నువ్వే దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నావు. కత్తి ఆనగానే అది ఏడవలేదు కానీ నువ్వు కళ్ళు తుడుచుకున్నావు. గుండుకి గంధం రాస్తే చల్లగా ఉందని నవ్వింది. గుళ్ళో కప్పస్తంభాన్ని కౌగిలించుకోమంటే చేతులు చాలక నిన్ను అవతలి వైపు నుంచి పట్టుకోమంది. మన ఇంట్లో అంత సంతోషంగా గడిచిన రోజు నాకు ఇంకొకటి గుర్తులేదు.

ఆ మర్నాడే రక్తపరీక్షకి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నీకేమో జామ్‌నగర్ రైలు. ఆసుపత్రి వరండాలో ట్రస్టు తరఫున ఎవరో కుర్రాడు ఫోటోలు తీస్తున్నాడు. గుండుతో, మెట్ల మీద కూర్చున్న మన పిల్లని కూడా తీశాడు. మొక్కు తీర్చుకున్న గుండని అతనికెలా తెలుస్తుంది? అక్కడున్న పిల్లలందరివీ గుండ్లే. నేనైనా చెప్పాల్సింది. రిపోర్టు బాగుందన్న ఆనందంలో నాకు ఆ ఆలోచనే రాలేదు.

వానలు మొదలయ్యేసరికి ఆ ఫోటో ఊరంతా వచ్చేసింది. ఆటోల వెనక, మన కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు ఆగే చోట, గాజువాక దారిలో, ఎక్కడ చూసినా అదే. కింద పెద్ద అక్షరాలతో 'ఆశాజ్యోతి మీ కోసం ఎదురుచూస్తోంది' అని. అది నిజంగా పిల్ల పూర్తి పేరేనని చాలామంది అనుకోలేదట, ట్రస్టు వాళ్ళు పెట్టిన పేరనుకున్నారట. మొదట నవ్వుకున్నాం. అత్త దిష్టి తీసింది. జ్యోతి ఆటో వెనక తనకి తానే టాటా చెప్పుకుంది.

తర్వాత నవ్వు పోయింది. ఆ ఫోటో చూసి సాయం చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఈ ఇంట్లో కొత్త మంచాలు పడ్డాయి. ఇంజక్షను లేదు, వచ్చే వారం రండి అనే మాట ఆగిపోయింది. ట్రస్టు నడిపే శ్రీరామ్మూర్తి గారి దగ్గరికి వెళ్ళి, మా పాపకి తగ్గిపోయిందండీ, ఫోటో మార్చండి అని అడిగాను. ఆయన్ని నువ్వు చూశావు, స్టీలు ప్లాంటులో రిటైరైన పెద్దాయన, గోదావరి జిల్లా మనిషి. నాతో పాటే బస్సులో వస్తాడు, పిల్లలు తిన్నాక మిగిలిందే తింటాడు. దొంగైతే నాలుగు తిట్టి బయటికి వచ్చేసేదాన్ని. దొంగ కాకపోవడమే నా ప్రాణానికి వచ్చింది.

ఆయన నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. జబ్బు తగ్గి ఇంటికెళ్ళి నవ్వుతున్న పిల్లల ఫోటోలు కూడా ఒకసారి వేయించారట. ఒక్కరూ ఫోను చేయలేదట. "బాగుపడ్డ పిల్లకి ఎవరూ ఇవ్వరమ్మా. ఇప్పుడు ఈ ఊరికి తెలిసింది మీ పాప ఒక్కతే" అన్నాడు. ఇంకో పిల్లని అడగొచ్చు కదండీ అన్నాను. ఎవరి పిల్లని అడగమంటావో నువ్వే చెప్పమ్మా అన్నాడు. నేను ఎవరి పేరు చెప్పను? వంటగదిలో అందరి తల్లులూ నా చుట్టూనే తిరుగుతుంటారు.

వాళ్ళలో సన్యాసమ్మ అని ఒకామె ఉంది, రాజాం దగ్గర పల్లెటూరు. కొడుకు చంటికి అయిదేళ్ళు, మన పిల్లకొచ్చిన జబ్బే. వాడికీ జ్యోతికీ ఒక ఆట. గుండూ గుండూ ఆనించుకుని ఢీ కొట్టుకుంటారు. జ్యోతికి జుట్టు పెరిగాక వాడు అలిగాడు, "నీకు జుట్టొచ్చీసింది, నాను ఆడను పో" అని. వాడికి పడే ఇంజక్షన్లు ఈ ట్రస్టు ఆగిన రోజున ఆగిపోతాయి. సన్యాసమ్మకి ఆ సంగతి తెలుసు కాబట్టి, జ్యోతి కనబడితే చాలు చేతులు పట్టుకుని కళ్ళకి అద్దుకుంటుంది. నా కూతురికి ఏడేళ్ళు, బావా. ఎవరైనా దాని చేతులు కళ్ళకి అద్దుకుంటే నాకు భయమేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. రెండుసార్లు పొయ్యి దగ్గరికి వెళ్ళి వచ్చాను, సాంబారు మాడదులే.

దసరా ముందు ఒక పెద్ద కంపెనీ వాళ్ళు వస్తామన్నారు. ఈ పిల్లల వైద్యం ఖర్చు మొత్తం ఏడాదిపాటు తామే పెట్టుకుంటామని, ముందుగా పోస్టర్లో ఉన్న పాపని చూసి వీడియో తీసుకుంటామని అన్నారు. శ్రీరామ్మూర్తి గారు వంటగది గుమ్మంలో నిలబడి ఈ సంగతి చెప్పి, పక్కనే లెక్కలు రాసుకుంటున్న జ్యోతి తలకేసి చూశాడు. అప్పటికి దానికి ఉంగరాలు మళ్ళీ తిరుగుతున్నాయి. ఏదో అనబోయి మానేసి, తల దించుకుని వెళ్ళిపోయాడు. తీయించమని ఆయన నోటితో అనలేదు. అన్నాడని రాస్తే నా తప్పు సగం తగ్గుతుంది కానీ, అనలేదు.

నేనే తీయించాను. మందులు మొదలుపెట్టే పిల్లలకి జుట్టు తీయడానికి కన్నబాబు అనే మంగలాయన బుధవారం బుధవారం ఇక్కడికి వస్తాడు. ఆ వరసలో దాన్ని కూర్చోబెట్టాను. ఎందుకమ్మా అని అడిగితే, నానమ్మ మొక్కులో సగం మిగిలిపోయింది, అప్పన్నకి ఇంకోసారి ఇవ్వాలి అన్నాను. అది వెంటనే తల వంచింది. మరి కొండకి వెళ్ళొద్దా, గంధం రాయరా అని అడిగింది. వెళ్దాంలే అన్నాను. నువ్వు చూసిన వీడియో ఆ మర్నాటిది.

ఇదీ నేను నీకు చెప్పలేక పేల కథ అల్లిన సంగతి. అప్పన్న అడగలేదు, అత్త మొక్కలేదు. దేవుడి పేరు చెప్పి కన్నకూతురికి అబద్ధం చెప్పాను. గుండు చూసిన రోజున అత్త అన్నం తినలేదు. "సామి పేరు సెప్పి పిల్లని మోసం సేసీసినావేటే" అని ఒక్క మాట అంది. అంత వాగే మనిషి ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అక్కడితో అయిపోలేదు. బడిలో దాని బెంచీ మీద కూర్చునే పిల్లని వాళ్ళమ్మ వచ్చి వేరే చోటికి మార్పించింది. ఆటల పీరియడులో టీచరు జాలిపడి దీన్ని నీడలో కూర్చోబెడుతోంది. అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఏమిటంటే, ఇక్కడికి చూడటానికి పెద్దవాళ్ళెవరైనా వస్తే జ్యోతి నెమ్మదిగా, గోడ పట్టుకుని నడుస్తుంది. వాళ్ళ కారు సందు మలుపు తిరగ్గానే మెట్ల మీద పరుగు. ఎవరూ నేర్పలేదు దానికి. మనం చూస్తుండగా అదే నేర్చుకుంది.

ఈ ఆదివారం ఆ కంపెనీ వాళ్ళ సభ, బీచ్ రోడ్డులో ఏదో పెద్ద హోటల్లో. సాయం పత్రం మన పాప చేతికే ఇస్తారట. దాని జుట్టు మళ్ళీ దువ్వెన ఆనేంత వచ్చింది. నిన్న నేను శ్రీరామ్మూర్తి గారి దగ్గరికి వెళ్ళి చెప్పేశాను. ఈసారి తీయించనండీ, వస్తే జుట్టుతోనే వస్తుంది, తగ్గిపోయిందని అక్కడ నేనే చెబుతాను, ఏమైతే అది అవుతుంది అన్నాను. ఇన్నాళ్ళూ తమని మోసం చేశారని వాళ్ళు లేచిపోవచ్చమ్మా అన్నాడు. అయినా నీ ఇష్టం, నేను కాదనను అన్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అవతల వరండాలో జ్యోతి, చంటి బొంగరం తిప్పుకుంటున్నారు.

అయినా నాకు తేలిగ్గా ఉంది, బావా. ఎన్నాళ్ళకో నిన్న రాత్రి ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. మిగతా కబుర్లు రేపు రాస్తాను.

గురువారం.

నిన్న రాస్తానన్నాను, రాయలేకపోయాను. పైన రాసినదంతా చింపేద్దామనుకున్నాను కానీ నువ్వు నిజం చెప్పమన్నావు, అది కూడా నిజమే కదా.

నిన్న సాయంత్రం చపాతీలు కాలుస్తుంటే జ్యోతి బడి నుంచి వచ్చిన అలికిడి వినిపించింది. సంచి గుమ్మంలో పడేసి వెళ్ళిపోయింది, చంటితో ఆడుతోంది కాబోలు అనుకున్నాను. వంట అయ్యేసరికి వచ్చి నా వెనక నిలబడింది. తిరిగి చూస్తే గుండు. మెడ మీద ఇంకా వెంట్రుక ముక్కలు అంటుకుని ఉన్నాయి. చేతిలో అట్లకాడ కింద పడేశాను.

ఏటే ఇది, ఎవరు తీయమన్నారు అని అడిగాను. కొట్టడానికి చెయ్యెత్తానేమో కూడా, నాకు గుర్తులేదు.

"నానే తీయమన్నాను" అంది. "అప్పన్నకి కాదులే అమ్మా. మొన్నా అప్పన్నకి కాదు, నాకు తెలుసు. కొండకి ఎల్లలేదు గదా."

మరెందుకే అన్నాను.

"నాకు తగ్గిపోనాదని తెలిస్తే సంటిగాడికి మందు ఇవ్వరంట గదా. నువ్వూ తాతగారూ అనుకుంతంటే ఇన్నాను."

సోమవారం నేను శ్రీరామ్మూర్తి గారితో మాట్లాడినప్పుడు అది వరండాలో బొంగరం ఆడుతోందని రాశాను చూడు. ఆడటం లేదు, వింటోంది. నేనేమో ఫోను దగ్గర దానికి వినబడకూడదని కాగితం పట్టాను.

కన్నబాబు మీదకి వెళ్ళాను. పాపం ఆయన కత్తి తుడుచుకుంటూ, "మొన్న మీరే గదమ్మా తెచ్చి కూకోబెట్టినారు. ఆదోరం మీటింగని పిల్ల సెప్పింది, మీరే పంపినారనుకున్నాను" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? వరసలో కూర్చోవడం దానికి నేర్పింది నేనే. సన్యాసమ్మ విషయం తెలిసి గోడకి చేరగిలబడి ఏడ్చింది, ఆదివారం పిల్లని అలా తీసుకెళ్ళొద్దని మాత్రం అనలేదు. అననందుకు నాకు కోపం రాలేదు. ఆమె స్థానంలో నేనున్నా అననేమో. అటు వరండాలో చంటి, జ్యోతి గుండూ గుండూ ఆనించుకుని ఢీ కొట్టుకుంటున్నారు. వాడు పడీ పడీ నవ్వుతున్నాడు.

ఇప్పుడు నేనేం చేయాలి, బావా? ఆదివారం తీసుకెళ్తే, అది వేదిక మీద గోడ లేకపోయినా గోడ పట్టుకున్నట్టు నడుస్తుంది, నేను పక్కన నిలబడి చూస్తూ ఉండాలి. తీసుకెళ్ళకపోతే, లేదా వెళ్ళి అక్కడ తగ్గిపోయిందని చెబితే, అది చేసిన పనిని దాని కళ్ళ ముందే నేను పారబోసినట్టు. రేపు చంటికి ఏదైనా జరిగితే, అమ్మ చెప్పడం వల్లే అని అది జన్మంతా అనుకుంటుంది. మొన్న నాకు దారి కనబడింది. నిన్న సాయంత్రం ఆ దారిలో నా కూతురే అడ్డంగా కూర్చుంది. పనికి వస్తూ బస్సులోంచి ఆ పోస్టరు చూశాను. ఎప్పుడూ తల తిప్పేసుకునేదాన్ని, ఇవాళ తిప్పుకోలేదు. ఆ ఫోటోలో పిల్లకి ఏ జబ్బూ లేదు, ఇంట్లో అందరికంటే ఆనందంగా ఉన్న పిల్ల అది. ఈ ఊళ్ళో ఆ సంగతి తెలిసింది మనకే.

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆదివారం దాటిపోతుంది. ఏం చేయాలో నువ్వు చెప్పేలోపు నేను ఏదో ఒకటి చేసేసి ఉంటాను. ఏం చేశానో ఫోన్లో అడగకు, నేను చెప్పను. సెలవు దొరికితే వచ్చెయ్. దొరక్కపోయినా వచ్చెయ్. వచ్చి దాన్ని కొండకి తీసుకెళ్ళి, ఊరికే, ఏ మొక్కూ లేకుండా, ఆ స్తంభాన్ని పట్టుకోనివ్వు. నువ్వు అవతలి వైపు నుంచి దాని చేతులు పట్టుకుందువు గాని. నేను ఒక్కదాన్నే పట్టుకుంటే చాలడం లేదు.

నాన్నకి రాస్తున్నానని దానికి తెలిసిపోయింది. నేనూ రాస్తానని ఒకటే గొడవ. కాగితం పై భాగమంతా మడిచి పట్టుకుని కింద కాస్త చోటు ఇస్తున్నాను. నన్ను చూడొద్దంది, చూడకుండానే అంటిస్తాను.

అత్త నీకు దీవెనలు చెప్పమంది. కళ్ళకి అద్దం పెట్టుకో.

ఇట్లు,
నీ మరదలు, నీ బిడ్డ తల్లి
బిందు.

నాన్నా నేను జ్యోతిని. నాకు తగ్గిపోయింది. నీకు ఒక్కడికే చెప్తన్నాను. ఎవరికీ చెప్పకు.